దుప్పటి రాణి

“ఎవరు కుట్టమన్నారు దీన్ని?”

అడుగుతుంటే దేవి కళ్ళలో నీళ్లు తిరిగాయి. మా కంపెనీ యాన్యువల్ డే నాటకానికి ఇంకా గంటే టైముంది. దేవి గ్రీకు రాణి. కాస్ట్యూమ్స్ బాధ్యత పృథ్వీ అనే టెస్టింగ్ ఇంజినీరుది. అంటే నాదే, నా ఖర్మ!

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివి మరీ చెప్పింది పాపం. “పాతకాలం గ్రీకు ఆడవాళ్ళది ఒకటే పెద్ద గుడ్డ పృథ్వీ. పైభాగం మడిచి ఒంటికి చుట్టుకుని, రెండు భుజాల దగ్గరా పిన్నులు, నడుముకి తాడు. అంతే. కత్తెర పెట్టించకు.”

పెట్టించాను. బన్సీలాల్‌పేట్ టైలర్ కూడా నాకే వత్తాసు పలికాడు. “కరెక్టే సార్, పిన్నులూడితే ఇజ్జత్ పోతది” అంటూ తెల్ల దుప్పటికి మెడ కోసి, చేతులు పెట్టి, నైటీ చేసిచ్చాడు.

“నెలరోజులు రిహార్సల్స్ చేసింది నైటీలో నిలబడడానికా? మా అమ్మని కూడా పిలిచాను. నేను స్టేజెక్కను!”

“జారిపోతుందేమోనని భయమేసింది దేవీ.”

“మా అమ్మా, నానమ్మా జీవితమంతా కుట్టని బట్టే కట్టారు. ఎవరిది జారింది? నేను చీరలో రోజూ బస్సెక్కుతానే, అప్పుడు వెయ్యలేదా భయం?”

వేస్తుందని చెప్పలేక తల దించుకున్నాను. ఇంక జన్మలో నాతో మాట్లాడదనిపించింది.

అప్పుడే మేకప్ గది తలుపు తోసుకుని వాళ్ళమ్మ దేముడమ్మగారు వచ్చారు. శ్రీకాకుళం వదిలి నేరేడ్‌మెట్ వచ్చి ఇరవయ్యేళ్ళయినా ఆవిడ మాట మారలేదు.

“ఏటయిందమ్మా?” అని అంతా విని, నా వైపు తిరిగారు. “ఆ పృథ్వీవి నువ్వేనేటి బాబూ? ఇంటికొచ్చి రోజూ నీ మాటలే సెప్తాది.”

“అమ్మా!” అంది దేవి.

ఆవిడ చకచకా కుట్లు విప్పి చేతులు ఊడదీశారు. కింద అంచు విప్పి పొడుగు పెంచారు. కోసిన మెడ కనపడకుండా పైభాగాన్ని బయటికి మడిచారు. తన గాజులకున్న పిన్నీసులు తీసి భుజాలకు పెట్టి, నడుముకి కర్టెన్ తాడు కట్టి, కుచ్చిళ్ళు సర్దినట్టే ముడతలు సర్దారు.

“ఇది కట్టడం నీకెలా తెలుసే?” అంది దేవి.

“తెలవడానికేటుంది? గుడ్డ ఎక్కడైనా గుడ్డే కదేటి!”

దేవి స్టేజి మీదికి నడిచింది. హాలంతా చప్పట్లు. నాటకం ముగుస్తుండగా, పక్కన తెర చాటున నిలబడి నేను దేముడమ్మగారికి చేతులెత్తి దండం పెట్టాను.

“మీరు రాకపోతే దేవి నా మొహం చూసేది కాదండీ. మీ మేలు మరచిపోలేను.”

“అది సరే గానీ, మా పిల్ల బట్ట గురించి నీకంత భయమేటి?”

అబద్ధం నోటికి రాలేదు. “ఇష్టమండీ. రెండేళ్ళుగా.”

వెనక నవ్వు వినిపించింది. నాటకం ముగించుకుని వచ్చిన దేవి అక్కడే ఉంది. “ఈ ఒక్క ముక్క చెప్పడానికి దుప్పటి పాడుచెయ్యాలా?”

నేను గబుక్కున ఆమె వైపు తిరిగాను. “మరి నీకు?”

“మా అమ్మ చెప్పేసిందిగా!”

దేముడమ్మగారు నా భుజం తట్టారు. “ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా. కానీ బాబూ, పెళ్లిలో దీనికి కట్టేది చీరే. పక్కన కూకునేది నువ్వే. భయపడకుండా కూకోగలవేటి?”

నేను ఒంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టేశాను.