నెమలి పిడి

గుణదల కాలవగట్టు పక్క సందులో ఆ పెంకుటిల్లు దాటేటప్పుడు ఆటోవాళ్లు హారన్ కూడా కొట్టరు. పొద్దుగూకితే లోపల ఎవరో కత్తి నూరుతున్న చప్పుడట... గర్ర్... గర్ర్... కిటికీలోంచి తొంగిచూసినవాళ్లకి తలనుంచి కాలిదాకా తెల్లగా ఒక ఆకారం!

సందు మొదట్లో టీకొట్టు నడిపే శౌరమ్మ ఈ ముక్క చెబుతుంటే ఎలీషా గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు. ఎందుకంటే — ఆ దెయ్యం తనే.

ఎలీషా గడ్డం గీసే మడతకత్తులకి చెక్క పిడులు చేస్తాడు. వాటిమీద పువ్వులో, చేపలో, ఏది అడిగితే అది చెక్కిపెడతాడు. ఇల్లంతా పొడి అవుతోందని భార్య వినీల పనిసామానంతా బయటపెట్టింది. ఆ పెంకుటింటికి ముందునుంచీ చెడ్డపేరే. అక్కడ పని చేసుకుంటానని అడగ్గానే ఓనరు తాళం చేతిలోపెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఉప్పుకాగితంతో పిడిని రుద్దితే గర్రుమంటుంది. అంకుడుకర్ర పొడి మీదపడితే మనిషి తెల్లబడతాడు. దెయ్యం పుణ్యమా అని ఎవరూ పని చెడగొట్టడంలేదు కదా అని ఎలీషా నోరు మెదపలేదు.

ఇంతలో బెంజ్ సర్కిల్‌లో సెలూన్ పెడుతున్న లక్ష్మీకాంత్ నెమలి పిడి కావాలన్నాడు.

"రేప్పొద్దున్నే ఓపెనింగండీ. మొదటి గడ్డం మా మావగారిది. నెమలి లేకపోతే నా పరువు పోతుంది ఎలీషాగారూ!"

ఆ సాయంత్రం రెండు నెమళ్లకి ముక్కులు విరిగాయి. మిగిలిన ఒక్క చెక్కమీద మెడదాకా వచ్చేసరికి ఇదీ విరిగితే ఇంక చెక్కలేదని ఎలీషా ఆగిపోయాడు. ఉలి పక్కన పడేసి, తలుపుకి తాళంవేసి, టీకొట్టులో కూలబడ్డాడు.

"ఏం తమ్ముడూ, దెయ్యంగానీ పట్టిందా?" అంది శౌరమ్మ.

"దెయ్యంలేదు, గియ్యంలేదక్కా. అసలక్కడ..." నిజం చెప్పేయబోయాడు.

గర్ర్... గర్ర్...

గ్లాసులో టీ ఒళ్లో పడింది.

శౌరమ్మ గొంతు తగ్గించింది. "విన్నావా? ఇవాళ కాస్త నిదానంగా నూరుతోంది..."

రెండో తాళంచెవి వినీల దగ్గరుంది. ఆమే అయ్యుంటుంది... ఆమే! ఎలీషా సందులోకి పరిగెత్తాడు.

గుమ్మం బయటే ఎదురైంది వినీల — చేతిలో క్యారేజీతో.

"ఇందాకట్నుంచి పిలుస్తుంటే పలకరేంటని..." అంటూనే అతన్ని ఎగాదిగా చూసింది. "మీరిక్కడుంటే... మరి లోపల?"

చప్పుడు ఆగిపోయింది.

చీకట్లో ఆమె చూడలేదుగానీ, తాళం వేసినట్టే ఉంది. ఎలీషా తీశాడు. లోపల ఎవరూ లేరు. బల్లమీద నెమలి — ముక్కు సూదిలా ఉంది, మెడమీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. వేలితో తాకాడు.

ఇంకా వెచ్చగా ఉంది.

"యేసయ్యా!" అని వినీల, పిడి అతని చేతిలో ఉండగానే, చొక్కా పట్టుకుని ఇంటిదాకా లాక్కెళ్లింది.

మర్నాడు మావగారి గడ్డం నున్నగా దిగింది. కానీ సెలూన్‌కి వచ్చినవాళ్లంతా కత్తినే చూశారు. లక్ష్మీకాంత్ పొంగిపోయి, ఇంకో అరడజను అచ్చం అలాంటివే కావాలన్నాడు.

చీకటి పడకముందే ఎలీషా పెంకుటింటికి వెళ్లాడు. ఆరు చెక్కలు బల్లమీద వరసగా పేర్చి, పక్కన కొత్త ఉప్పుకాగితం పెట్టాడు. గుమ్మంలో నిలబడి, ఖాళీ గదిలోకి మెల్లగా అన్నాడు —

"తొందరేంలేదండీ... ఆదివారానికిస్తే చాలు."