ఏడో అంతస్తు దాకా

"అన్ని నంబర్లూ నొక్కేశారేంటండీ? ఏడో అంతస్తులో నా పేషెంటు నోరు తెరుచుకుని కూర్చుంది" అంది పళ్ల డాక్టరు, లిఫ్టులో అతన్ని ఎగాదిగా చూస్తూ.

అతను ఎనిమిదో అంతస్తులో ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోయినప్పటి నుంచీ అతనికి మెట్లే గతి. ఆ భయం పోగొట్టుకోవాలని వెళ్తే, కౌన్సెలర్ రోజూ లిఫ్టెక్కమంది. మధ్యమధ్య తలుపు తెరుచుకోకపోతే ఊపిరాడదని బటన్లన్నీ నొక్కాడు. దాచకుండా అదే చెప్పాడు.

ఆమె కోపం చల్లారింది. "నన్ను చూసి వణికేవాళ్లు రోజూ వస్తారు. కబుర్లు చెప్తూ పని కానిచ్చేస్తాను. మీకూ చెప్పనా?"

మర్నాటి నుంచి కలిసే ఎక్కారు. పళ్లు తోమకుండానే తోమామని ఒట్లు వేసే పేషెంట్ల గురించి ఆమె చెప్తుంటే, అతను నవ్వు ఆపుకునేలోపే ఏడో అంతస్తు వచ్చేసేది. అతనూ అక్కడే దిగి, మిగిలిన ఒక్క అంతస్తూ మెట్లెక్కేవాడు.

ఈ సంగతంతా కౌన్సెలర్‌కి గొప్పగా చెప్పుకున్నాడు. ఆవిడ విని, "ఆమె సెలవు పెడితే?" అంది.

"ఆ రోజు మెట్లెక్కుతాను" అన్నాడు.

"భయం అలాగే ఉంది. మీరు ఆమె చాటున దాక్కుంటున్నారు. ఒంటరిగా ఎక్కండి."

మర్నాడు ఆ మాట చెప్పబోయి తడబడ్డాడు. "మా కౌన్సెలర్ మిమ్మల్ని మానెయ్యమన్నారు."

"మానెయ్యడానికి నేనేమన్నా సిగరెట్టునా?" అంటూ ఆమె మెట్ల వైపు నడిచింది.

మళ్లీ లిఫ్టు దగ్గర కనిపించలేదు. అలిగిందని అతను కుమిలిపోయాడు. అయినా ఎక్కడం మానలేదు. మొదట్లో చెమటలు పట్టి రెండో అంతస్తులోనే దిగిపోయేవాడు. తర్వాత నాలుగు దాకా వెళ్లాడు. చివరికి ఒకరోజు ఎనిమిదికి చేరాడు. ఆ మాట చెప్పుకోవడానికి ఆమె పక్కన లేకపోవడం భయంకన్నా ఎక్కువ బాధించింది. వెంటనే ఏడుకి దిగాడు.

ఆమె ఆయాసపడుతూ అప్పుడే మెట్లెక్కి వస్తోంది.

"ఒక్కణ్నే పైదాకా వెళ్లాను. లిఫ్టెక్కడానికి మీరు అక్కర్లేదు" అన్నాడు. ఆమె ముఖం వాడిపోవడం చూసి కంగారుపడ్డాడు. "నాకు కావాలి. భయమేసినా, వెయ్యకపోయినా. మీరంటే నాకు ఇష్టం."

ఆమె గోడకి ఆనుకుంది. "నా కోపం ఆ రోజే పోయింది. కనిపిస్తే మళ్లీ నా చాటుకే చేరతారని మెట్లెక్కుతున్నాను. మోకాళ్లు అరిగిపోయాయి."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే నా కోసం ఎక్కేవారు. మీ కోసం ఎక్కాలి కదా."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని అరచెయ్యి ఇంకా చెమటతో తడిగానే ఉంది. ఆమె వదల్లేదు.