ఇసుకలో పాలముంత

ధాతు సంవత్సరం కరువు. సూలూరు పక్కన ఆ నల్లరేగడి పల్లెలో వాన లేదు, పత్తి లేదు. రామక్కాళ్‌కు పుట్టిన ఆడపిల్ల పురిట్లోనే పోయింది. ఏడవాలని కూడా ఆమెకు తోచలేదు. పాలు మాత్రం ఆగలేదు.

తోడికోడలు పొన్నమ్మాళ్‌కు పాలు ఎండిపోయాయి. ఆమె చంటివాడు పుల్లలా అయిపోతున్నాడు. మైల తీరేదాకా రామక్కాళ్ వాణ్ణి ముట్టకూడదు. అందుకని కొట్టంలో కూర్చుని పాలు పిండి, మట్టిముంతలో పోసి, ఎండకు విరిగిపోకుండా తడి ఇసుకలో కుదురుగా పెట్టేది. అత్త సెల్లాయి తీసుకుపోయి ఉగ్గుగిన్నెతో వాడికి పట్టేది.

"ముందు పిండింది జిల్లేడు మొదట్లో, నీ బిడ్డను పూడ్చినచోట పోసి రావే," అని చెప్పింది సెల్లాయి. "దాని వాటా ఇయ్యకుంటే అడగను వస్తాది."

రామక్కాళ్ పొయ్యలేదు. ఉన్నవాడికే చాలడం లేదు, పోయినదానికెక్కడ అనుకుంది.

మరునాడు ముంత ఖాళీ.

"ఏమే, పిల్లి తాగెనా, నువ్వే తాగితివా?"

"పెట్టిన మూత పెట్టినట్టే ఉండాది అత్తా."

ముంత చుట్టూ ఇసుకలో చిన్న అరచేతుల గుర్తులు. రామక్కాళ్ చూసింది. చేత్తో చదును చేసింది.

ఆ మరునాడు మోకాళ్ళ గుర్తులు. అప్పుడు పాలు పట్టుకెళ్ళి జిల్లేడు మొదట్లో పోసింది. నోరు తెరుచుకున్న కరువు నేల... చుక్క కూడా పీల్చలేదు. పాలు తెల్లగా అలాగే నిలిచాయి.

తర్వాతి రోజు ఇసుకలో పాదాలు. ముంత దగ్గర్నుంచి ఆమె చాపదాకా.

మిట్టమధ్యాహ్నం పొన్నమ్మాళ్ కొట్టంలోకి దూసుకొచ్చింది.

"మైలా లేదు, గీలా లేదు అక్కా! వీడు కళ్ళు తేలేస్తాండాడు. ఎత్తుకో!"

రామక్కాళ్ వాణ్ణి కుడివైపు వేసుకుంది. వాడు పట్టుకున్నాడు. గుటక... మళ్ళీ గుటక. పొన్నమ్మాళ్ నేలమీద కూలబడి ఏడ్చింది.

అప్పుడు ఎడమవైపు... చల్లగా... తడిమట్టి వాసన. ఏదో పట్టుకుని లాగుతోంది.

"అక్కా," పొన్నమ్మాళ్ గొంతు తగ్గింది. "ఆ పక్క కొంగు ఎందుకలా కదలతాది?"

రామక్కాళ్ చోటు చాలేట్టు ఎడమ మోచేయి కాస్త ఎత్తింది.

చంటివాడు తాగుతూనే చెయ్యి అటు చాపాడు. వాడి వేళ్ళు గాలిలో దేన్నో చుట్టుకుని, అక్కడే ఆగాయి.