పడవకు పూసిన అత్తరు

తమన్నా పడవ ముందరి పెట్టె మూత ఎత్తి, టక్కున మూసేసింది. ముక్కిన బియ్యం డబ్బా తెరిచినట్టు గుప్పున వాసన కొట్టింది.

ఆ పెట్టెలోనే లైఫ్ జాకెట్లు, తాళ్లు పెడతారు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పే ఆలిస్ మేడమ్‌కు ఒక నియమం ఉంది. పడవ ఒడ్డుకు రాగానే అన్నీ బయటికి తీసి కడగాలి, ఆరబెట్టాలి, పెట్టె మూత తెరిచే ఉంచాలి. పోయిన శనివారం ఆ పని తమన్నా వంతు. వాన వచ్చేలా ఉందని తడి జాకెట్లు, తాళ్లు అలాగే లోపల కుక్కి, మూత బిగించి ఇంటికి పరుగెత్తింది. వారమంతా ముసురు పట్టింది. లోపల బూజు హాయిగా కాపురం పెట్టింది.

మేడమ్‌కు చెబితే తిడతారని తమన్నా భయం. కానీ తమన్నా అత్తర్లు అమ్మే కలీముల్లా కూతురు. బ్యాగులో పెన్సిల్ లేకపోవచ్చు గాని అత్తరు సీసా లేకుండా ఉండదు. గులాబీ అత్తరు తీసి జాకెట్ల మీద, పెట్టె మూలమూలలా ఒంపేసింది. ఇంత తెలివి తనకే ఉందని మురిసిపోయింది కూడా.

ఆ రోజు ఆమెతో పడవ ఎక్కాల్సింది రజిత. స్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. రజిత వాళ్ల అమ్మ కల్పలతకు నీళ్లంటే చచ్చేంత భయం. ఎండాకాలమంతా బతిమాలితే ఇప్పటికి ఒప్పుకుంది. కూతురికి ఇదే మొదటిరోజు కాబట్టి ఒడ్డున కూర్చోకుండా నిలబడే ఉంది.

జాకెట్ తొడుక్కోగానే రజిత ముక్కు చిట్లించింది. కొంత దూరం పోయేసరికి మొహం పాలిపోయింది. ఎండకు బూజు వాసన, గులాబీ వాసన కలిసి ఇంకా ఘాటెక్కాయి. పాపం, పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకుంది. వెనక మోటారు పడవలో వస్తున్న ఆలిస్ మేడమ్ వెంటనే ఇద్దరినీ ఒడ్డుకు చేర్చారు.

కల్పలత కూతురి మొహం తుడిచింది. "మా పిల్లకు నీళ్లు పడతలేవు మేడమ్. ఇగ వద్దు" అంది మెల్లగా.

రజిత కళ్లనిండా నీళ్లతో పడవవైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. నిజం చెప్పడానికి తమన్నాకు నోరు రాలేదు.

సీతాఫల్‌మండిలో ఇల్లు చేరగానే దాదీ ఆమెను దగ్గరికి లాక్కుని వాసన చూసింది. దాదీ ముక్కు ముందు ఏదీ దాగదు. ఇంట్లో ఎవరు బయట మిర్చి బజ్జీ తినొచ్చినా గుమ్మంలోనే పట్టేస్తుంది. గులాబీ సరే గాని దాని కింద ఆ కంపు ఏందని అడిగింది. తమన్నా ఏడుస్తూ మొత్తం చెప్పేసింది.

దాదీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే మనవరాలి చెంపలు తుడిచింది.

"శుక్రవారం నాడు మీ అబ్బా అత్తరు ఎప్పుడు పూసుకుంటడు?"

"స్నానం చేసినంక."

"మరి పడవకు స్నానం చేపించినవా బిడ్డా? మురికి మీద అత్తరు పోస్తే రెండూ గబ్బు పడ్తయ్. ఆ పిల్లకు తక్లీఫ్ నీళ్లతోని రాలే. ఆ ముచ్చట వాళ్లమ్మకు నువ్వే చెప్పాలె."

పడవ కడగడమంటే తమన్నాకు భయం లేదు. కల్పలత ఆంటీ ముందు నిలబడాలంటేనే భయం. అయినా ఆదివారం పొద్దున్నే అబ్బా కలీముల్లాను వెంటబెట్టుకుని ముందు రజిత ఇంటికే వెళ్లింది.

"ఆంటీ, రజితకు నీళ్లతోని ఏం కాలే" అంది తల దించుకుని. "నేనే తడి జాకెట్లు లోపల పెట్టి మూసిన. వాసనొస్తుంటే అత్తరు పోసి దాచిన. గందుకే వాంతి అయింది."

కల్పలత చెప్పులు వేసుకుంటూ, ఆ పడవేదో తానూ చూస్తానంది. రజిత అప్పటికే గేటు దాటేసింది.

సాగర్ ఒడ్డున ఆలిస్ మేడమ్ అంతా విని కోప్పడ్డారు. ఆ తర్వాత బకెట్ చేతికిచ్చారు. పిల్లలిద్దరూ పెట్టెలోవన్నీ బయట వేసి సబ్బు నీళ్లతో రుద్దారు. మేడమ్ చెప్పినట్టు బూజు మచ్చలను వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచారు. జాకెట్లు తాడు మీద ఆరేసి, పెట్టె మూత బార్లా తెరిచారు. ఊరికే చూస్తూ నిలబడలేక కల్పలత కూడా చున్నీ నడుముకు చుట్టి ఒక గుడ్డ అందుకుంది.

మధ్యాహ్నానికి గాలి బాగా వీచింది. మిగతా పిల్లల పడవలు నీళ్లలోకి వెళ్తున్నాయి. రజిత తన జాకెట్ ముట్టుకుని, ఆరిపోయింది పోదామంటూ గంతులేసింది.

తమన్నాకూ వెళ్లాలనే ఉంది. పైకి ఆరినట్టే కనిపిస్తోంది. కానీ జాకెట్ లోపలి వైపు వేళ్లు పెట్టి గట్టిగా నొక్కింది. చెమ్మ తగిలింది.

"లోపల ఇంకా తడుంది రజితా. ఇయ్యాల వద్దు" అని జాకెట్‌ను తిరగేసి మళ్లీ ఎండలో వేసింది.

రజిత మొహం చిన్నబోయింది. కల్పలత వచ్చి, ఆ జాకెట్‌ లోపల తానూ చెయ్యి పెట్టి చూసింది. అదే చెయ్యి తమన్నా తల మీద వేసి, ఆలిస్ మేడమ్ వైపు తిరిగింది.

"వచ్చే శనివారం నేనే తోల్కొస్తా మేడమ్. కానీ మా రజితను ఈ పిల్లతోనే ఎక్కించాలె."