చీకట్లో చదివిన చివరి వరుస

కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. కనబడటం లేదని చెప్పేవాళ్ళు, కనబడుతోందని వాదించేవాళ్ళు. మొదటి రకానికి కళ్ళజోడు సరిపోతుంది. రెండో రకానికి ఏం ఇవ్వాలో కళ్ళద్దాల షాపు అమ్మాయికి ఎంత చదివినా అంతుపట్టలేదు.

డ్రిల్లు మాస్టారు రెండో రకం.

టీచర్లందరూ కళ్ళు చూపించుకుని రావాలని ఆ ఏడాది స్కూలు హెడ్డు మేడమ్ హుకుం జారీ చేసింది. షాపు పక్క వీధిలోనే. ముందు గదిలో ఫ్రేముల మధ్య ఓనరు కూర్చుంటాడు. ప్లైవుడ్డు గోడ వెనకున్న చీకటి గదిలో ఆయన కూతురు పరీక్ష చేస్తుంది. మాస్టారు ఆ గోడకి ఆనించిన బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్నాడు.

లోపల లెక్కల మాస్టారు చదువుతున్నాడు. "గ... ఠ... ప... న... ల... ర... చ..."

తర్వాత సంగీతం టీచరు. ఆవిడ అదే వరుసని కాస్త రాగం కలిపి చదివింది.

చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తిన్నా పన్నెండో ఎక్కం రాని మనిషికి, మూడో టీచరు బయటికొచ్చేసరికి చివరి వరుస కంఠతా వచ్చేసింది. అవసరం కంటే మంచి గురువు లేడంటారు. మాస్టారు లోపలికెళ్ళి కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, కవాతు చేయించే గొంతుతో అప్పజెప్పాడు.

"గ, ఠ, ప, న, ల, ర, చ!"



"బాగా చదివారండీ," అంది అమ్మాయి. "నేనింకా లైటు వెయ్యలేదు."

ఇంకొకరైతే అక్కడే నవ్వేసి ఒప్పుకునేవారు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఆటలాడేవాళ్ళ చూపు అలాగే ఉంటుందండీ."

"చీకట్లో కూడానా? అది పిల్లుల చూపు కదండీ."

"మీరు వెటకారం చేస్తున్నారు."

"లేదండీ, ఆశ్చర్యపోతున్నాను. కూర్చోండి, లైటు వేసి ఇంకోసారి చూద్దాం."

"అక్కర్లేదు. నేను అంపైర్ని. బంతి గీత మీద పడిందో, గీత అవతల పడిందో చెప్పేవాణ్ణి. అంపైరుకి కళ్ళజోడేంటండీ? పిల్లలు నవ్వరూ?"

ఛాతీ విరుచుకుని బయటికి నడిచాడు. ఆ షాపుది అద్దం తలుపు. అమ్మాయి పొద్దున్నే దాన్ని మరక లేకుండా తుడిచింది. శుభ్రంగా ఉండటమే దాని నేరమైంది. ధన్‌మని చప్పుడైంది.

"సారీ అండీ," అన్నాడు మాస్టారు. తలుపుతో.

"ఎడమవైపు తెరుచుకుంటుందండీ," అని లోపల్నుంచి వినబడింది.

*

నుదుటి మీద బొప్పి చూసి అక్క విషయమంతా రాబట్టింది. అక్కలకి విచారణ సంఘాలు అక్కర్లేదు. ఎదురుగా నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంటే చాలు.

"ఏ షాపు? నేను కళ్ళజోడు చేయించుకున్నదేనా? ఆ పిల్లా!" అక్క మొహం వెలిగిపోయింది. "మొదటి నిమిషంలోనే నిన్ను పట్టేసిందా? చిన్నప్పట్నుంచీ నీ అబద్ధాలు పట్టుకునే డ్యూటీ నాదేరా. నాకూ ఓ రిలీవరు కావాలి."

"అక్కా, నేనేం అబద్ధం..."

"నోర్ముయ్. ఆ చొక్కా మార్చుకో."

అక్క వెళ్ళి ఓనరుతో పెళ్ళి మాట కదిపింది. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఎవరూ, గఠపనలరచ గారా! మనిషి మంచివాడేనమ్మా. తలుపుకి కూడా మర్యాద ఇచ్చాడు."

చిత్రమేమిటంటే అమ్మాయికి నచ్చిన సంగతీ అదే. గుద్దుకున్నాక తలుపుని తిట్టేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. క్షమాపణ చెప్పినవాణ్ణి అప్పుడే చూడటం. కానీ అంతమాత్రానికే సరే అనేయడానికి ఆమె చేసేది మామూలు పనా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఇది బాగుందా, ఇదా?" అని అడిగే ఉద్యోగం. ఆ అలవాటు చెయ్యి కడుక్కున్నంత సులువుగా వదలదు.

"ఓ షరతు," అంది మాస్టారితో. "కాఫీ షాపులూ అవీ వద్దండీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏసీలో కూర్చుంటే అందరూ బంగారాలే. కొన్నాళ్ళు ఆదివారాలు మా ఇంటికి రండి. మామూలు పనులు చేద్దాం. విసుగొస్తే మీరెలా ఉంటారో నేను చూడాలి."

దాంపత్యం గురించి రాసే పత్రికలన్నీ కొవ్వొత్తులు వెలిగించుకుని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోమంటాయి. కొవ్వొత్తి వెలుగులో ఎవరి లోపాలూ కనబడవు. మంచి చిట్కానే. ఆరిపోయాక ఏం చెయ్యాలో మాత్రం వచ్చే సంచికలోనూ రాయరు.

మాస్టారు ఒప్పుకున్నాడు. ఊడిన కర్టెన్ రాడ్డు బిగించాడు. వంటింటి సింకులో నీళ్ళు ఆగిపోతే పైపు విప్పి శుభ్రం చేశాడు. పరుపు డాబా మీదికి మోసుకెళ్ళి ఎండబెట్టాడు. దేనికీ తడబడలేదు, దేనికీ విసుక్కోలేదు. ఇలాంటి మనిషి ప్రకటనల్లో తప్ప ఎక్కడా ఉండడని అమ్మాయికి అనుమానం.

ఆ అనుమానం నిజమే. ప్రతి శనివారం మధ్యాహ్నం ఓనరు ఫోన్ చేసేవాడు. "బాబూ, రేపు కర్టెన్ రాడ్డు. స్క్రూడ్రైవరు తెచ్చుకో, మాది మొద్దుబారింది." వెంటనే మాస్టారు అక్క ఇంటి గోడ మీద సాధన మొదలుపెట్టేవాడు. అక్క ఇంటి గోడ జల్లెడ అయింది. బావ ఏమీ అనలేదు. గోడ కంటే బావమరిది పెళ్ళి ముఖ్యమని ఆయనకి ముందే చెప్పేశారు.

ఒక ఆదివారం వాన పట్టుకుంది. పని అయిపోయి ఇద్దరూ గదిలో కూర్చుని టీ తాగుతున్నారు. కిటికీ వైపు ఆమె వీపు.

"మీకేదైనా చేతకానిది ఉందా?" అడిగింది.

"అంటే?"

"ఇది నాకు రాదు, ఇది నాకు తెలియదు. అలాంటి మాట మీ నోట ఒక్కసారి వినాలనుంది."

మాస్టారు నిజాయితీగా ఆలోచించాడు. "అలాంటి సందర్భం ఎప్పుడూ రాలేదండీ."

ఆమె తల వెనక్కి తిప్పి ఓరగా కిటికీలోంచి చూసింది. వాన వెలిసి చాలాసేపైంది. వీధిలో ఎండ కూడా తొంగి చూస్తోంది.

"వాన తగ్గిందా, చూసి చెబుతారా?"

మాస్టారు కిటికీ దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించి, ఆకాశం సంగతంతా తెలిసినవాడిలా తలూపాడు. "సన్నగా పడుతోందండీ."

"అయితే గొడుగు పట్టుకెళ్ళండి."

ఎండ కాస్తున్న వీధిలో, అందరూ తిరిగి చూస్తుండగా, నల్లగొడుగు వేసుకుని ఠీవిగా నడిచి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తూ ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, ఆ గొడుగు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడిపోయింది.

*

స్కూల్లో ఆడపిల్లల వాలీబాల్ ఫైనలు. ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ. అక్క పట్టుబట్టి అమ్మాయిని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. తమ్ముడు విజిల్ వేస్తే ఎంత బాగుంటాడో చూడాలట.

తొమ్మిదో తరగతి ఒక్క పాయింటు ముందుంది. చివరి బంతి. తొమ్మిదో తరగతి పిల్ల ఎగిరి కొట్టింది. బంతి గీతకి జానెడు అవతల పడింది. ముందు వరుసకి కనబడింది, వెనక వరుసకి కనబడింది, గోడెక్కి కూర్చున్నవాళ్ళకి కూడా కనబడింది.

మాస్టారు విజిల్ వేశాడు. "లోపల!"

"సార్! బయట పడింది సార్!" ఎనిమిదో తరగతి కెప్టెన్ రెండు జడలు ఊగుతుండగా పరుగెత్తుకొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నేను చూశాను," అన్నాడు మాస్టారు. అంపైరు చూశాడంటే దేవుడు చూసినట్టే. పిల్ల గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక అమ్మాయి నెట్టు దగ్గరికి వచ్చింది.

"బంతి ఎక్కడ పడింది?"

"లోపల."

"చూశారా?"

"చూశాను."

"అడుగుతున్నది నేనండీ. హెడ్డు మేడమ్ కాదు."

మాస్టారు వేళ్ళ మధ్య విజిల్ తిప్పాడు. "చూశానండీ."

"సరే. ఇక ఆదివారం రాకండి."

"ఒక్క బంతికేనా?" మాస్టారు విజిల్ తిప్పడం ఆపేశాడు.

"బంతికి కాదు. మా షాపుకొచ్చేవాళ్ళలో సగం మందికి గుమ్మం మీది బోర్డే కనబడదు. వాళ్ళంటే నాకు చిరాకేం లేదు, ఇష్టమే. కానీ రేపు మన ఇంట్లో మాటా మాటా వస్తుంది. రాకుండా ఎవరింట్లో ఉంటుంది? అప్పుడు 'నేను చూసుకోలేదు, పొరపాటు నాది' అనే మనిషి కావాలి నాకు. ఆ ఒక్క ముక్క రానివాళ్ళతో పోట్లాడటం కూడా కుదరదండీ. నేను మాట్లాడుతుంటాను, మీరు విజిల్ వేస్తుంటారు."

ఆమె వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో మాస్టారికి సరిగ్గా కనబడలేదు. ఈసారి కారణం చూపు ఒక్కటే కాదు.

శనివారం ఓనరు అలవాటు కొద్దీ ఫోన్ చేశాడు. "బాబూ... రేపు పనేమీ లేదు. అదే చెబుదామని." మాస్టారు అప్పటికే తీసి పెట్టుకున్న స్క్రూడ్రైవరుని మళ్ళీ డబ్బాలో పడేశాడు.

అక్క తిట్టలేదు. అన్నం పెట్టి, జల్లెడైన గోడ వైపు చూస్తూ అంది, "ఇన్ని చిల్లులు పొడిచావు. వాటిలో ఒక్కటైనా ఆ పిల్ల చూసుంటే నిన్ను నమ్మేదిరా."

*

సోమవారం అసెంబ్లీలో మాస్టారు మైకు ముందుకొచ్చాడు. సావధాన్, విశ్రామ్ తర్వాత అలవాటుగా దిగిపోలేదు.

"ఫైనల్లో చివరి బంతి నాకు కనబడలేదు. ఊహించి విజిల్ వేశాను. పొరపాటు నాది. మ్యాచ్ మళ్ళీ ఆడదాం. ఈసారి అంపైరు సంగీతం టీచరు."

కళ్ళు మూసుకుని పిల్లల నవ్వు కోసం ఎదురుచూశాడు. ఇన్నేళ్ళు దేనికి భయపడి చీకట్లో చదివాడో ఆ నవ్వు రాలేదు. రెండు జడల కెప్టెన్ ముందు చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టారు. ఇంత మామూలుగా అయిపోయినందుకు మాస్టారికి కాస్త నిరాశ కూడా కలిగింది.

సాయంత్రం షాపు చీకటి గదిలో కుర్చీ కిర్రుమంది.

"నేనింకా లైటు వెయ్యలేదు," అంది అమ్మాయి, ఎవరో చూడకుండానే.

"తెలుసండీ. మీరు వేసేదాకా కూర్చుంటాను."

లైటు వెలిగింది.

"చదవండి."

"పైన ఉన్నది 'అ'. రెండో వరుసలో 'డ', కాదు 'ద'... మూడో వరుస..." మాస్టారు అరచెయ్యి దించేశాడు. "కనబడట్లేదండీ."

"ఏమన్నారు?"

"కనబడట్లేదు."

"ఇంకోసారి."

"కనబడట్లేదండీ! గోడ అవతల మీ నాన్నగారికి కూడా వినబడి ఉంటుంది."

"వినబడింది బాబూ," అంది ప్లైవుడ్డు గోడ.

మాస్టారు గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. ఆ కర్టెన్ రాడ్డూ, సింకూ, అవన్నీ నాకు ముందే తెలుసు. ఎవరు చెప్పారంటే..."

గోడ అవతల పెద్దగా దగ్గు వినబడింది.

"తెలుసు," అంది అమ్మాయి. "శనివారం శనివారం మా నాన్న బాల్కనీలోకెళ్ళి గుసగుసగా అరుస్తారు. వీధి చివరి వాళ్ళకి కూడా తెలుసు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

ఆమె లెన్సుల పెట్టె సర్దుతున్నట్టు కాసేపు తల వంచుకుంది. "ఆ రాడ్డు ఊడలేదు. నేనే ఊడదీశాను. సింకులో టీ పొడి కుమ్మరించింది కూడా నేనే. వాన వెలిసిందని తెలిసే మిమ్మల్ని అడిగాను. కలిసి బతుకుదామని పిలిచి, పేపరు సెట్ చేస్తూ కూర్చున్నాను. అది తప్పే."

"ఏమన్నారు?"

"పొరపాటు నాది."

"ఇంకోసారి."

"అత్యాశ వద్దు. కళ్ళు తెరవండి."

బరువైన ఇనప ఫ్రేము అతని ముక్కు మీద పెట్టి, లెన్సులు ఒక్కొక్కటే మార్చింది. "ఇది బాగుందా? ఇదా? తొందరేం లేదు. తెలియకపోతే తెలియదనండి."

"తెలియట్లేదు."

"మంచిది. ఇప్పుడు?"

టక్కుమని ఇంకో లెన్సు పడింది. మాస్టారు బోర్డు వైపు చూడలేదు. ఎదురుగా వంగి ఉన్న మొహాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు.

"మీకు చెంప మీద పుట్టుమచ్చ ఉందే!"

"పుట్టినప్పట్నుంచీ ఉంది. ఇన్ని ఆదివారాలూ ఎవర్ని చూశారు మీరు?"

"వినేవాణ్ణండీ. గొంతు స్పష్టంగా ఉండేది. మిగతాదంతా..." నసిగాడు. "బాగుంటుందని ఊహించి విజిల్ వేశాను."

ఆమె నవ్వు ఆపుకోవడానికి లెన్సుల పెట్టెలోకి చూసింది. "మరిప్పుడో?"

"ఈసారి చూసే చెబుతున్నాను. గీత లోపలే."

"నాన్నా," అంది ఆమె గోడ వైపు తిరిగి, "ఇక రండి. గోడకి ఆనించి ఆనించి చెవి వాచిపోతుంది."

ఓనరు లోపలికొచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు గానీ, దుమ్మన్నాడు. "సుఖంగా ఉండండమ్మా. గఠపనలరచ గారూ, మీకు నల్ల ఫ్రేము బాగుంటుంది. అన్నట్టు అమ్మలూ, ఇంట్లో కర్టెన్ రాడ్డు మళ్ళీ ఊడింది."

"నాన్నా! ఇంక చాలు!"

"ఈసారి నిజంగానే ఊడిందే! నా నెత్తి మీదే పడింది!"

ఇద్దరూ మాస్టారి వైపు చూశారు.

"బిగించడం నాకు రాదండీ," అన్నాడతను. ఒకసారి అలవాటైతే ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో! "అక్క ఇంటి గోడకి కూడా ఒక్కటీ నిలబడలేదు."

"నాకూ రాదు," అంది ఆమె. "ఆదివారం రండి. ఇద్దరం కలిసి పాడుచేద్దాం."

ఓ గంటలో కళ్ళజోడు తయారైంది. మాస్టారు పెట్టుకుని, షాపులో నిలబడే వీధిలో బోర్డులన్నీ పైకి చదివి, ఆదివారం వస్తానని ఆమెకి రెండుసార్లు చెప్పి, మూడోసారి కూడా చెబుదామని వెనక్కి చూస్తూ నడిచాడు.

ధన్‌మంది.

"సారీ అండీ," అన్నాడు తలుపుతో.

"తలుపు చూశారా?" అడిగింది ఆమె.

మాస్టారు నుదురు రుద్దుకున్నాడు. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"చూడలేదండీ. మిమ్మల్ని చూస్తున్నాను."