బిరడాలు బిగించేదెవరు?

ఆ సందు చివర, మూతబడ్డ వయొలిన్ల కొట్టు పేరెత్తితే చాలు, మా ఆడవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. రాత్రిళ్ళు లోపల తీగ పలుకుతుందట... విన్నవాళ్ళకు ఇల్లు గుర్తుండదట. నేను చెవులారా వినలేదమ్మా, చెప్పుకోగా విన్నదే.

వయొలిన్లు బాగుచేసే ఆ కొట్టాయన పోయి ఏడాది. ఆయన చెల్లెలు బట్టలు కుట్టేది. నోటి దురుసు మనిషి. ఆమె కూతురికి మేనమామంటే ప్రాణం. చీకటి పడితే చాలు, వెళ్ళి ఆ తలుపుకి చెవి ఆనించి కూర్చునేది. తిండి మానేసింది. పిల్ల కాస్తా పుల్లయిపోయింది.

ఓ రాత్రి తల్లి కత్తెర పట్టుకుని వెళ్ళింది.

"లేవే! చచ్చినవాడు నీకు అన్నం పెడతాడా?"

"ష్... మామయ్య వాయిస్తున్నాడమ్మా."

"వాయిస్తాను నీ వీపు!"

తాళం తీసింది. గోడ నిండా వయొలిన్లు. మనిషి లేడు.

"ఎవడ్రా అది!" అని అరిచింది.

గోడంతా — ఝుమ్మంది!

ప్రాణం పోయినంత పనైంది... మరుక్షణం నవ్వొచ్చింది. శ్రుతిలో ఉన్న తీగ దగ్గర గొంతెత్తితే, ముట్టుకోకుండానే బదులు పలుకుతుందని అన్న ఎప్పుడో చూపించాడు. సందులో కుక్క మొరిగినా పలుకుతుంది.

"చూశావటే? ఉత్త తీగలు!"

అంది గానీ... అంతలోనే ఒకటి తట్టింది.

ముట్టుకోని తీగ నెల తిరక్కుండా వదులైపోతుంది. అందుకే అన్న రోజూ పొద్దున్నే బిరడాలు తిప్పి తీగలు బిగించేవాడు. ఏడాదిగా తాళంచెవి తన దగ్గరే ఉంది. మరి వీటిని బిగిస్తున్నది — ఎవరు?

కత్తెర ఆడించింది. టప్... టప్... తెగిన తీగ చెంపను చీరింది. నెత్తురు కారుతున్నా ఆగలేదు. ఆఖరిదీ తెగింది.

నిశ్శబ్దం.

గుమ్మంలో పిల్ల నిద్ర లేచినట్టు కళ్ళు నులుముకుంది. "అమ్మా... ఆకలేస్తోంది. ఇంటికి పోదాం."

ఎన్నాళ్ళకు విందో ఆ మాట! తల్లి గబగబా గుమ్మం వైపు అడుగేసింది. అప్పుడు, వెనకాల చీకట్లో —

కిర్రు... కిర్రు...

బిరడా తిరుగుతోంది.

తీగల్లేని వయొలిన్ పాడింది. ఎలా పాడిందో, ఏం పాడిందో! అన్న పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది ఆమెకు. కత్తెర చేతిలోంచి జారింది. కాళ్ళు కదల్లేదు.

"పదమ్మా!" పిల్ల చెయ్యి పట్టి లాగింది. దానికేమీ వినబడటం లేదు.

తల్లి ఆ చేతిని విదిలించి కొట్టింది.

"పోవే! నన్ను విననీ..."

ఆ రాత్రి పిల్ల కడుపునిండా తింది. ఒక్కతే.