రెండో మోటారు

పాలు పొయ్యి మీద పెట్టి పెరటి తలుపు తీసేసరికి పంతులమ్మకి ఒళ్ళు మండిపోయింది. నాన్న అప్పుడే సైకిలు వెనక సీటు మీదకి ఇసుక బస్తా ఎక్కించి తాడు కడుతున్నాడు. తల్లి పోయి నెల. ఆ నెల రోజుల్లో ఆయన సైకిలుతో మాట్లాడినన్ని మాటలు కూతురితో మాట్లాడి ఉండడు.

చిన్నపిల్లలకి ఎక్కాలు నేర్పే ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఆమెని పంతులమ్మ అనే పిలిచేవారు. నాన్న మోటార్లకి రాగితీగ వైండింగ్ చుట్టే మేస్త్రి. ఊళ్ళో ఏ పంపు ఆగినా, ఏ ఫ్యాను మూలిగినా ఆయన దగ్గరికే వచ్చేది. తల్లి బట్టలు కుట్టేది. ఇల్లు వాలు కింద, ఆమె కుట్టు కొట్టు వాలు పైన. మధ్యలో ఉన్నది కారు పట్టని, ఆటో ఎక్కని ఇరుకు సందు. ఇరవై రెండేళ్ళు ఆ సందు ఎక్కి దిగిన మనిషికి, జబ్బు పడ్డాక గడప దాటడమే గగనమైపోయింది.

"ఒక్కసారి పైకెళ్ళి నా మిషను ముందు కూర్చోవాలనుందండీ," అని ఒకరోజు భర్తని అడిగింది. అంతకు మించి ఏనాడూ ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామని పక్కింటివాళ్ళు ముందుకొస్తే నవ్వేసింది. "నలుగురు మొయ్యడం ఎలాగూ తప్పదు. ఇప్పట్నుంచే ఎందుకు?"

అదిగో, అప్పుడు మొదలైంది ఈ సైకిలు పిచ్చి. మేస్త్రి తన పాత సైకిలు వెనక చక్రానికి మోటారు బిగించాడు, కడ్డీల మధ్యలో బ్యాటరీ కూర్చోబెట్టాడు. భార్య బరువుకి సరిపడా ఇసుక తూచి, బస్తా కట్టి, వాలు ఎక్కించి చూశాడు. సగం దూరంలో మోటారు వేడెక్కి ఆగిపోయింది.

"ముందు చక్రానికి ఇంకోటి పెడతా," అన్నాడు.

పెట్టడం అన్నంత తేలిక కాలేదు. ముందు మోటారు ఇరుసు గిర్రున తిరిగిపోయి వైర్లు తెగాయి. దాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి ఇనప పట్టీలు చేయించాడు. ఒకే పిడి తిప్పితే రెండు మోటార్లూ కలిసి లాగాలి. వెనకది లాగుతుంటే ముందుది మొద్దునిద్ర పోయేది. ఆరు వారాలైనా అది కొలిక్కి రాలేదు. ఏడో వారంలో ఆవిడే వెళ్ళిపోయింది. అయినా మేస్త్రి పని ఆపలేదు.

"ఆ బస్తా దించు నాన్నా," అంది పంతులమ్మ.

"ఒక్కసారి పైదాకా వెళ్ళొస్తా తల్లీ. రెండూ కలిసి లాగుతున్నాయో లేదో చూడాలి."

"ఎవరి కోసం?"

మేస్త్రి ఇంకాస్త గట్టిగా తాడు ముడి బిగించాడు.

"ఎవరి కోసమని అడుగుతున్నా! అమ్మేమన్నా మేడలడిగిందా, నగలడిగిందా? ఒక్కసారి తన మిషను దగ్గరికి తీసుకెళ్ళమంది. నువ్వేమో పట్టీలూ, వైర్లూ అంటూ కూర్చున్నావు. అసలు రెండోది ఎందుకు? ఒక్క మోటారే అమ్మని..."

నోరు జారింది.

ప్రతి సోమవారం కింది రోడ్డు మీంచి ఆటోలో తనే తీసుకెళ్తే, ఆసుపత్రిలో తల్లి బరువు చూసి నర్సు చీటీ మీద రాసిచ్చేది. జబ్బు మొదలైనప్పుడు అరవై ఎనిమిది. పోనుపోను అరవై, యాభై రెండు, నలభై ఏడు. మొదటిసారి అంకె తగ్గినప్పుడే తల్లి ఆ చీటీ మడిచి కూతురి గుప్పిట్లో పెట్టింది. "మీ నాన్నకి అరవై ఎనిమిదే అని చెప్పు. నిజం చెబితే బెంగతో తిండి మానేస్తాడు." అబద్ధం ఆడితే పిల్లల్ని బెంచీ ఎక్కించే పంతులమ్మ, ప్రతి సోమవారం గుమ్మంలోనే అదే అబద్ధం ఒప్పజెప్పింది. ఇక రెండో మోటారు అక్కర్లేదని చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో ఆమెకే తెలుసు.

లోపలికి వెళ్ళి సంచీలోంచి చీటీలన్నీ తెచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్న సంగతి చూసి కూడా స్టవ్ ఆపకుండా వచ్చేసింది.

"అమ్మ అరవై ఎనిమిది లేదు నాన్నా. చివరి సోమవారం నలభై ఒకటి. నేనే నీకు అబద్ధం చెప్పాను. నా వల్లే అమ్మ పైకి వెళ్ళలేకపోయింది."

మేస్త్రి ఆ చీటీలు అందుకోలేదు, కనీసం వాటి వంక చూడలేదు.

"తెలుసమ్మా," అన్నాడు.

"తెలుసా?"

"రోజూ మంచం మీంచి ఎత్తి స్నానానికి తీసుకెళ్ళింది నేనే కదా. ఎత్తిన చేతులకి తెలియదూ?"

లోపల పాలు పొంగి మాడు వాసన వస్తుంటే ఆయనే వెళ్ళి స్టవ్ ఆపి వచ్చాడు. గట్టు మీద కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

"మొదటిసారి మోటారు ఆగిపోయినప్పుడు మీ అమ్మ కిటికీలోంచి చూసింది. ఎంత నవ్విందో! 'నన్ను మొయ్యడం మీ ఒక్క మోటారు వల్ల కాదులెండి' అంది. ఆ తర్వాత చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ అదే మాట. 'నాకు రెండు మోటార్లు కావాలట' అని గొప్పగా చెప్పుకునేది. అలా అన్నప్పుడల్లా పాత మనిషిలా ఉండేది. ఒకటి చాలు, రా ఎక్కు అని ఎలా అనను? తను తగ్గిపోయిన సంగతి నాకు తెలిసిపోయిందని మీ అమ్మకి తెలిసిపోదూ?"

కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"వారంలో అయిపోతుందనుకున్నా తల్లీ. ఇంకో వారం, ఇంకో వారం అనుకుంటూ పోయా. తప్పు నాదే."

పంతులమ్మ ఆయన పక్కన కూలబడి, భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఒకరికి బాధ కలగకూడదని ఒకరు దాచి, ముగ్గురూ కలిసి ఒక్క చిన్న ప్రయాణాన్ని పోగొట్టుకున్నారు. ఎవరిని తిట్టాలో ఆమెకి తెలియలేదు.

చాలాసేపటికి లేచింది. బడికి రావడం లేదని ఫోను చేసి, మేకుకి వేలాడుతున్న కొట్టు తాళంచెవి తీసుకుంది. బస్తా తాడు విప్పి దించేసి, ఆ సీటు మీద తనే ఎక్కి కూర్చుంది. సీటు మీది మెత్తని జబ్బులో ఉండగా తల్లే మంచం మీద కూర్చుని రంగురంగుల గుడ్డముక్కలతో చేత్తో కుట్టింది. పాదాలు పెట్టుకునే పట్టీలు పొట్టిగా ఉండే తల్లి కొలతకి బిగించడంతో పంతులమ్మ మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"పద నాన్నా," అంది.

సందు మొదట్లో మేస్త్రి వెనక మోటారు మీట ఒక్కటే వేసి పిడి తిప్పాడు. సైకిలు కొంత దూరం బాగానే ఎక్కింది. సరిగ్గా సగం వాలు దగ్గర, అప్పట్లో ఇసుక బస్తాతో ఆగిపోయిన చోటే, మూలగడం మొదలెట్టింది.

"నాన్నా, నా బరువు అరవై రెండు," అంది వెనక నుంచి. "ఈసారి నిజమే చెబుతున్నా."

మేస్త్రి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఆమెకి కనిపించలేదు.

"అయితే రెండూ కావాల్సిందే," అని రెండో మోటారు మీట కూడా నొక్కాడు. ముందు చక్రం అందుకుంది. సైకిలు ఒక్క కుదుపు కుదిపి, ఆగకుండా పైకి ఎక్కేసింది.

కొట్టు తలుపు తీసేసరికి లోపల మిషను మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది. సూది కింద సగం కుట్టిన గౌను అలాగే ఉంది. పంతులమ్మ కొంగుతో దుమ్ము తుడిచింది. మేస్త్రి సైకిలు సీటు మీది మెత్త విప్పి తెచ్చి, మిషను ముందున్న స్టూలు మీద వేశాడు.

"వచ్చేశాం. కూర్చో," అన్నాడు మెల్లగా, ఆ స్టూలు వైపు చూస్తూ.